నాలుగు వేల లైకులు, పదకొండు జతల బట్టలు

ఆ రోజు మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. షాపు టైమ్‌లో ఆయన ఎప్పుడూ చేయడు. ఎత్తగానే ఒకటే ప్రశ్న.

"ఒరేయ్, నేను మిషన్ ఎప్పుడు అమ్మానురా?"

వెనకాల షాపులో కుర్రాడు కుడుతున్న చప్పుడు టకటకమని వినిపిస్తూనే ఉంది. నా గొంతులో మాట రాలేదు.

అసలు సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్ చేశా. ప్రాజెక్టు అయిపోయింది. రెండు నెలలు బెంచ్ మీద కూర్చోబెట్టి, ఒక శుక్రవారం మీటింగ్‌కి పిలిచి "ఆల్ ది బెస్ట్" అన్నారు. రూమ్‌మేట్ నన్ను ఓదారుస్తూ ఓ మాటన్నాడు: "నీకు స్కిల్ ఉంది మామా. బ్రాండ్ లేదు."

ఆ మాట బుర్రకి ఎక్కేసింది. రెండు రోజులు పర్సనల్ బ్రాండింగ్ వీడియోలే చూశా. అరువు బ్లేజర్ వేసుకుని ఫొటో దిగా. లింక్డ్ఇన్‌లో "సపోర్ట్ ఇంజినీర్" తీసేసి "డేటా స్టోరీటెల్లర్, ప్రాబ్లమ్ సాల్వర్, లైఫ్‌లాంగ్ లెర్నర్" అని పెట్టా. ఇద్దరం చేసిన పనిని "టీమ్‌ని లీడ్ చేశా" అని రాశా. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒక పోస్టు. పది లైకులు, పన్నెండు లైకులు. అందులో సగం మా కజిన్స్‌వే.

ఒక వీడియోలో ఎవరో చెప్పారు, అమ్మానాన్నల కష్టం రాస్తే పోస్టు పేలుతుందని. రాశా. "నా ఇంజినీరింగ్ ఫీజు కోసం మా నాన్న తన కుట్టు మిషన్ అమ్మేశాడు" అని మొదలుపెట్టా.

పేలింది. నాలుగు వేల లైకులు. "మీ నాన్నగారికి పాదాభివందనం" అంటూ కామెంట్లు. ఇంటర్వ్యూ కాల్ మాత్రం ఒక్కటీ రాలేదు.

నిజం ఏంటంటే, నాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. హాస్టల్‌కీ పుస్తకాలకీ నాన్నే కట్టాడు. దసరాకీ సంక్రాంతికీ రాత్రి రెండింటి దాకా అదే మిషన్ మీద కుట్టి కట్టాడు. చూస్తే నిజమే నా అబద్ధం కంటే పెద్దది. ఆ రోజు నాకది పోస్టుకి సరిపోదనిపించింది.

స్క్రీన్‌షాట్ మా తణుకు వాట్సాప్ గ్రూపులకి చేరింది. ప్రతి శుభకార్యానికీ నాన్న దగ్గరే కుట్టించుకునే ఒక కుటుంబం ఉంది. వాళ్లింట్లో పెళ్లి. "పాపం మిషనే లేదంట, అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు" అనుకుని బట్టలు వేరే చోట ఇచ్చేశారు.

"పదకొండు జతలురా," అన్నాడు నాన్న. తిట్టలేదు. అంతే అని పెట్టేశాడు.

రాత్రికి పోస్టు తీసేశా. పోస్టు పోతుంది గానీ స్క్రీన్‌షాట్ పోదు కదా! శనివారం బస్సెక్కి ఊరెళ్లి, వాళ్లింటికి వెళ్లి నేను రాసింది అబద్ధమని చెప్పా. అప్పటికే అక్కడ బట్టలు కత్తిరించేశారు.

సాయంత్రం షాపులో కూర్చున్నా. ఏం మాట్లాడాలో తెలీక, అక్కడున్న లేబుళ్ల కట్ట చేతిలోకి తీసుకున్నా. చొక్కా కాలర్ లోపల కుట్టేవి. షాపు పేరు, ఊరు, ఫోన్ నంబరు. చిన్నప్పట్నించీ చూస్తున్నవే, ఎప్పుడూ అడగలేదు.

"ఎవరికీ కనపడని చోట పేరెందుకు నాన్నా?"

"చూపించుకోడానిక్కాదురా. కుట్టు ఊడితే ఎక్కడికి తేవాలో తెలియాలిగా."

పర్సనల్ బ్రాండ్ గురించి నేను చూసిన వీడియోలన్నిటికంటే ఆ ఒక్క మాటే నాకు పనికొచ్చింది.

ఈ పర్సనల్ బ్రాండ్ అనే మాట కొత్తదేం కాదు. టామ్ పీటర్స్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ రచయిత 1997లో ఫాస్ట్ కంపెనీ పత్రికలో రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పటికి లింక్డ్ఇన్ పుట్టనేలేదు, అది మొదలైంది 2003లో. ఆ వ్యాసంలో ఆయన మనల్ని వేసుకోమన్న ప్రశ్నల్లో ముఖ్యమైంది: నువ్వు చేసే పనిలో ఎదుటివాళ్లకి దొరికే విలువేంటి? మనం ఆ ప్రశ్న వదిలేసి బ్లేజర్ పట్టుకున్నాం.

హైదరాబాద్ తిరిగొచ్చాక రోజూ పోస్టు మానేశా. నిజంగా నేను బాగుచేసిన ఒక్క సమస్య గురించి రాశా. మా బిల్లింగ్ సిస్టమ్‌కి అమెరికా క్లయింట్ నుంచి ఫైళ్లు వచ్చేవి. వాళ్లు నెల ముందు రాస్తారు, మనం తేదీ ముందు రాస్తాం. 04/05 అంటే వాళ్లకి ఏప్రిల్ 5, మన ప్రోగ్రామ్‌కి మే 4. ఒకటి నుంచి పన్నెండో తేదీ దాకా ఏ ఎర్రరూ రాదు, తప్పు తేదీలు చప్పుడు లేకుండా లోపలికి పోతాయి. 13న మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి జాబ్ ఫెయిల్ అవుతుంది. అందరూ 13న ఏం జరిగిందా అని వెతుకుతారు. తప్పేమో ఒకటో తేదీ నుంచే ఉంది. అది ఎలా పట్టుకున్నానో, ఎలా సరిచేశామో క్లయింట్ పేరు లేకుండా రాశా.

పదిహేడు లైకులు వచ్చాయి.

రెండు నెలల తర్వాత ఫోన్. పాత కంపెనీలో నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో కొన్నాళ్లు నాతో వచ్చిన అన్న. వేరే టీమ్, మూడేళ్లుగా మాటల్లేవు. "నీ తేదీల పోస్టు చదివా తమ్ముడూ. మా దగ్గరా అదే గోల. ఒక పోస్టు ఖాళీ ఉంది, వస్తావా?"

ఇది నా ఒక్కడి అదృష్టం అనుకోకండి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని మీద 1973లోనే రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లమని చెప్పింది 16.7 శాతం మందే. మిగతావాళ్లకి దారి చూపింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లు. 2022లో 2 కోట్ల మంది లింక్డ్ఇన్ యూజర్ల మీద చేసిన పరిశోధన సైన్స్ పత్రికలో వచ్చింది. అందులోనూ ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడింది మరీ దగ్గరి స్నేహితులు కాదు, కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లే. కారణం సింపుల్. మన దగ్గరివాళ్లకి తెలిసిన ఖాళీలు మనకీ తెలిసే ఉంటాయి. కొత్త కబురు బయటి నుంచే రావాలి. బయటివాళ్లకి మనం గుర్తుండాలంటే మన పని గురించి ఒక్క స్పష్టమైన విషయమైనా తెలియాలి. బ్రాండ్ ఉపయోగం అక్కడే.

ఇంటర్వ్యూలో అరగంట ఆ తేదీల గురించే అడిగారు. చేసిన పనే కాబట్టి తడుముకోలేదు. చివర్లో మేనేజర్ నవ్వుతూ అన్నారు, "మీ నాన్నగారు మిషన్ అమ్మిన పోస్టు కూడా చదివాను. కదిలించింది."

నోరెండిపోయింది. అవునంటే అయిపోయేది.

"అది అబద్ధం సార్. మిషన్ అమ్మలేదు," అన్నా.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు. వారానికి ఆఫర్ వచ్చింది. ఎందుకిచ్చారో ఆయన్ని నేనింతవరకూ అడగలేదు.

ఇన్‌బాక్స్‌లో చాలామంది అడుగుతున్నారు, బ్రాండ్ ఎలా కట్టుకోవాలని. నేను పాటించేవి ఇవే.

హెడ్‌లైన్‌కి లింక్డ్ఇన్ 220 అక్షరాలిస్తుంది. విశేషణాలు తీసేయండి. ఎవరికి, ఏ పని చేసి పెడతారో రాయండి. నాది ఇప్పుడు "రాత్రి ఫెయిలైన బిల్లింగ్ జాబ్‌ని తెల్లారేలోగా నిలబెడతా" అనే అర్థం వచ్చేలా ఉంటుంది.

నెలకి ఒక్క పోస్టు చాలు. సమస్య ఏంటి, ఏం చేసి చూశారు, ఏది పనిచేసింది. కంపెనీ డేటా, క్లయింట్ పేరు, లోపలి స్క్రీన్‌షాట్లు వద్దు.

ఐటీ కాకపోయినా ఇదే లెక్క. బీకామ్ చదివి అకౌంట్స్ చూస్తున్నారా? జీఎస్టీ రిటర్న్‌లో మీరు పట్టుకున్న ఒక పొరపాటు గురించి రాయండి. ఏసీ రిపేరా? పనికి ముందు, తర్వాత ఫొటోలు గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేరు మీద పెట్టండి.

ఇద్దరు చేసిన పనికి "మేము" అనండి. అన్నారని ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయరు.

మీ ఇంట్లోవాళ్ల గురించి రాసే ముందు వాళ్లకి చదివి వినిపించండి. దీనికి నేను కట్టిన ఫీజు మీకు తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో ఆ ఇంట్లో చిన్నబ్బాయి పెళ్లి కూడా అయింది. బట్టలు ఈసారీ నాన్నకి రాలేదు, కొత్త టైలర్ అలవాటైపోయాడు. నాన్న ఆ మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

ఈ వారం ఒక పని చేయండి. మీ ప్రొఫైల్ తెరిచి ఒక్కో లైనూ చదవండి. ఆ లైను పట్టుకుని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలరా? చెప్పలేనిది తీసేయండి.

నా ప్రొఫైల్లో ఏడు లైన్లు పోయాయి.