కీసరగుట్ట మీద ఆఫ్ స్పిన్

మొన్న ఆదివారం మా అక్కయ్యవాళ్ళతో కలిసి కీసరగుట్టకు వెళ్ళాను. నాచారంలో బయలుదేరబోయే ముందు అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, పులిహోర డబ్బా చేతికిస్తూ, గొంతు తగ్గించి అన్నది గదా:

"ఒరేయ్ తమ్ముడూ, వాడు నీ మాటైతే వింటాడు. ఇంక ఆ క్రికెట్టు కట్టిపెట్టి బుద్ధిగా చదువుకోమని చెప్పు. వాళ్ళ నాన్న చెబితే పోట్లాటవుతుంది."

వాడంటే నా మేనల్లుడు. పదిహేడేళ్ళు. ఆఫ్ స్పిన్ వేస్తాడు. మూడేళ్ళుగా తెల్లవారుజామునే లేచి మైదానానికి పోతున్నాడు. ఆ వారమే వాళ్ళ క్లబ్బువారు లీగు జట్టును ప్రకటించారు. అందులో వీడి పేరు లేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరితోనూ మాట కలపడం లేదు.

అక్కయ్యకు సరేనన్నాను. అనక ఏం చేస్తాను? నేను వాడి వయసులో బంతి పక్కన పడేసి బాంకి పరీక్షలకు కూర్చున్నవాణ్ణే. దానికి విచారించడమూ లేదు, నెల జీతం ఎవరికీ చేదు కాదు. అంచేత నా దగ్గర ఉపదేశం సిద్ధంగానే ఉన్నది.

దర్శనమైన తరువాత ఆడవాళ్ళు చెట్టుకింద విస్తళ్ళు పరుస్తూంటే, మేమిద్దరం ఒక బండమీద కూర్చున్నాం.

"ఏరా, ఎందుకు వేసుకోలేదు నిన్ను?" అన్నాను.

"జట్టులో ఇద్దరు ఆఫ్ స్పిన్నర్లున్నారు మామయ్యా. నేను మూడోవాణ్ణి."

"వాళ్ళకేమన్నా సిఫార్సులున్నాయా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "లేదు. నాకంటె బాగానే వేస్తారు. అదే బాధ."

సిఫార్సులని ఉంటే నా పని సులువయ్యేది. లోకాన్ని నాలుగు తిట్టి లేచిపోయేవాళ్ళం. నిజం చెప్పేవాడికి అబద్ధపు ఓదార్పు చెప్పబుద్ధి కాలేదు. మూడోవాడు అన్నమాట వినగానే నాకు కన్వల్‌జిత్ సింగ్ గుర్తుకు వచ్చాడు.

ఉప్పల్ స్టేడియం వెలుతురులోనే పెరిగిన ఈ పిల్లలకు ఆయన పేరు అంతగా తెలియదు. మన హైదరాబాదుకు ఆఫ్ స్పిన్ తాతలనాటి ఆస్తి. చూపుడువేలి బలంతో బంతిని తిప్పి, కుడిచేతి ఆటగాడికి బయటినుంచి లోపలికి మళ్ళించే విద్య అది. గులాం అహ్మద్ ఆ విద్యతో 22 టెస్టులాడి 68 వికెట్లు తీశాడు. తరువాత శివలాల్ యాదవ్ వచ్చాడు. 35 టెస్టులు, 102 వికెట్లు. ఆ వెనకనే అర్షద్ అయూబ్. 13 టెస్టులు, 41 వికెట్లు. సరిగ్గా వీళ్ళిద్దరూ వెలుగుతున్న రోజుల్లో, అదే ఊళ్ళో, అదే విద్యతో మూడోవాడై నిలబడ్డాడు సికిందరాబాదు కుర్రవాడు కన్వల్‌జిత్. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకు ఒకే చొక్కా ఉంటే మూడోవాడి గతి ఏమిటో ఊహించుకోండి.

ఆయన 1980-81లో మొదలుపెట్టి 2000-01 వరకూ బంతి వేశాడు. ఇరవై సీజన్ల పైమాట. రంజీ ఆటలంటే తెలుసునుగదా! టికెట్టు లేకపోయినా జనం రారు. ఎండలో నలుగురు పెద్దమనుషులు గొడుగులు పట్టుకొని కూర్చుంటారు. బంతి తిరగని రోజున సాయంత్రందాకా ఒక కొసనుంచి వేస్తూనే ఉండాలి. అలా 111 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 369 వికెట్లు తీశాడు.

నలభై దాటిన తరువాత, తోటివాళ్ళు ఆట చాలించి ఉద్యోగాలు చూసుకొంటున్న వయసులో, 1999-2000 రంజీలో ఆయన ఒక్కడే 62 వికెట్లు తీశాడు. అప్పటికి ఒక్క సీజనులో అంతకుమించి తీసినవాడు బిషన్ సింగ్ బేదీ ఒక్కడే. 1974-75లో 64. ఆ ఏడే మన లక్ష్మణ్ తొమ్మిది ఆటలలో ఎనిమిది శతకాలతో 1,415 పరుగులు చేశాడు. ఒకరు పరుగులు పోగుచేస్తే, ఒకరు వికెట్లు పోగుచేసి హైదరాబాదును ఫైనలుదాకా తీసుకొనిపోయారు. అక్కడ ముంబయి గెలిచిందనుకోండి.

మావాడు కళ్ళు పెద్దవి చేసుకొని వింటున్నాడు.

"అయితే అప్పుడు ఇండియా జట్టులోకి తీసుకొన్నారా?"

"లేదు."

"తరువాత?"

"తరువాతా లేదు. ఎప్పుడూ లేదు."

వాడి మొహం మళ్ళీ చిన్నబోయింది. కథల్లోనైతే ఇక్కడ పిలుపు రావాలి. వస్తే నాకూ బాగుండేది. కాని రంజీలో 637 వికెట్లు తీసిన రాజిందర్ గోయల్‌కే ఆ పిలుపు రాలేదు. నేటికీ ఆ లెక్కను దాటినవారు లేరు.

"మరి ఇరవయ్యేళ్ళు ఎందుకు వేశాడు మామయ్యా?"

ఈ ప్రశ్నకు నా బాంకి అనుభవంలో జవాబు లేదు. తెలిసినంత చెప్పాను. ఆట చాలించాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. హైదరాబాదు జట్టుకు శిక్షకుడైనాడు. ఐ.పి.ఎల్.లో మన ఊరి జట్టుగా ఉండిన డెక్కన్ ఛార్జర్స్‌కు సహాయ శిక్షకుడుగా పనిచేశాడు. పుట్టుకతోనే బంతి తిరిగినవాడికి అది ఎందుకు తిరుగుతుందో ఆలోచించే అవసరం ఉండకపోవచ్చు. తిరగని రోజున ఏంచేయాలో కుర్రవాడికి చెప్పాలంటే, తిరగని రోజులు వందలకొద్దీ చూసినవాడు కావాలి.

ఇది మన ఊరి ముచ్చటే కాదు. అమెరికావారి బేస్‌బాల్‌లో టామీ లసోర్డా అని ఒక బంతి విసిరేవాడుండేవాడు. పెద్ద లీగులో ఆడింది 26 ఆటలు. ఖాతాలో నాలుగు ఓటములు, గెలుపు ఒక్కటీ లేదు. 1955లో డాడ్జర్స్‌వారు శాండీ కౌఫాక్స్ అనే కుర్రవాడిని ఉంచుకోవడానికి ఇతణ్ణి చిన్న లీగుకు పంపేశారు. కౌఫాక్స్ మహా ఆటగాడైనాడు. అంటే, వాళ్ళు చేసింది తప్పూ కాదు. కాని ఆ లసోర్డాయే 1976 నుంచి 1996 వరకూ అదే డాడ్జర్స్‌ను నడిపించి, 1981లోనూ 1988లోనూ వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గుట్టమీద చెదిరి ఉన్న శివలింగాలను చూపించి, "ఇన్ని లింగాలు బయట ఎందుకున్నాయి?" అన్నాడు.

స్థలపురాణం చెప్పాను. రాములవారు ప్రతిష్ఠకు లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపారట. ఆయన నూటొక్క లింగాలు పట్టుకొని వచ్చేసరికి ముహూర్తం దాటుతుందని ఇక్కడ ప్రతిష్ఠ జరిగిపోయింది. కోపమొచ్చి తెచ్చినవన్నీ గుట్టంతా విసిరేశాడు. రాములవారు ఓదార్చి, ఈ కొండకు నీ పేరే ఉంటుందన్నారు. కేసరి కొడుకు పేరుమీద కేసరిగిరి, అదే కీసర.

"అయితే గర్భగుడిలోకి రానివాటికీ పసుపూ కుంకుమా పెడుతున్నారే!" అన్నాడు వాడు. నిజమే. అప్పుడే ఒక ముసలమ్మ వంగి ఒక లింగంమీద చెంబెడు నీళ్ళు పోస్తున్నది. నేనేమీ వ్యాఖ్యానించలేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పరీక్షలు బాగా రాయాలి. బంతి మానక్కరలేదు. ఇండియాకు ఆడతావని నేను మాట ఇవ్వను, ఆడవని మీ అమ్మకూ మాట ఇవ్వను.

తిరుగుదారిలో అక్కయ్య ఆత్రంగా అడిగింది: "చెప్పావా?"

"చెప్పాను."

"విన్నాడా?"

"శ్రద్ధగా విన్నాడు."

మరునాడు తెల్లవారి అయిదున్నరకు ఫోను మోగింది. ఎత్తితే అక్కయ్య గొంతు కాదు, వెనకనుంచి గోడకు బంతి తగులుతున్న చప్పుడు వినిపించింది: టప్... టప్... టప్. ఆ తరువాత అక్కయ్య అన్నది:

"ఏరా, నువ్వు చెప్పింది ఇదేనా?"