ఏ బ్రాంచి మంచిది?

ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇంజనీరింగా, బి.సి.ఎ.నా?" నేను బి.కాం. చదివినవాణ్ణి. జమాఖర్చులు తప్ప వేరే విద్య తెలియదు. అయినా మొన్న రాయగడ నుంచి మా చెల్లెలు, ఆమె భర్త మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని కోరాపుట్ వచ్చేసరికి మాట్లాడక తప్పలేదు.

కొడుకు కంప్యూటర్ సైన్సులో బి.టెక్. చెయ్యాలని తండ్రి పట్టు. అందుకోసం ఇంటి స్థలం అమ్మడానికైనా సిద్ధం. "స్థలం అమ్మొద్దు మావయ్యా, ఊళ్ళోనే బి.సి.ఎ. చదువుతాను" అని పిల్లవాడు.

ముందు లెక్క వేశాం. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్ళకు 4 లక్షల విద్యారుణం, నూటికి 10 వడ్డీ అనుకోండి. చదువయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు ఉండవు గాని వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి లక్షకు ఐదేళ్ళు, చివరి లక్షకు రెండేళ్ళు, మొత్తం బారువడ్డీ 1,40,000. తొలి వాయిదా నాటికి అప్పు 5,40,000. బరువే, కాని ఈపాటి రుణానికి ఆస్తి తాకట్టు అక్కరలేదు. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ ఉంది. ఆ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో చేరక ముందే కనుక్కోవాలి.

ఇక చదువుల సంగతి. బి.సి.ఎ. మూడేళ్ళు, పైన ఎం.సి.ఎ. రెండేళ్ళు. దాన్ని చిన్నచూపు చూడకండి. బ్యాంకుల్లో ఐ.టి. ఆఫీసరు పరీక్షకు కంప్యూటర్ ఇంజనీర్లతో పాటు ఎం.సి.ఎ. వారూ కూర్చోవచ్చు. ఒట్టి బి.సి.ఎ. చాలదు. అయితే సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారంలోనో, దామంజోడి నాల్కోలోనో ఇంజనీరు కావాలంటే బి.టెక్. ఉండాల్సిందే. అక్కడ మెకానికల్, ఎలక్ట్రికల్ వారికీ పని ఉంది. జేకేపూర్ కాగితం మిల్లు, తేరుబలి ఫెర్రో ఎల్లాయ్స్ కూడా మన పక్కనే ఉన్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, అవి మన కంటికి ఆనవు.

ఇది చెబుతుంటే నా గొంతులో ఏదో అడ్డుపడింది. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు బ్యాంకులో మేం పడ్డ అవస్థ చూసి, ఎలక్ట్రికల్ చదువుతానన్న మా పెద్దవాణ్ణి కంప్యూటర్లలోకి నెట్టాను. ఉద్యోగం బాగానే ఉంది. కాని పండక్కి వచ్చినప్పుడు తన పని గురించి ఒక్క మాటా చెప్పడు. నేనూ అడగను.

అందుకే మేనల్లుణ్ణి అడిగాను: "అప్పు సంగతి నాకు వదిలెయ్యి. నీకేం ఇష్టంరా?"

వాడు తల వంచుకున్నాడు. మా చెల్లెలే అంది: "వీధిలో ఎవరింట మోటారు ఆగినా వీణ్ణే పిలుస్తారన్నయ్యా."

వాళ్ళ నాన్న చాలాసేపు కొడుకు వంకే చూశాడు. "ఎలక్ట్రికల్‌కి ఎంతవుతుందో కనుక్కుందాం బావగారూ" అన్నాడు చివరికి.

అమ్మానాన్నలకు నా మనవి ఒకటే. దరఖాస్తులో బ్రాంచి పేరు రాసే ముందు మీ లెక్క పిల్లలకు చూపించండి, వాళ్ళ ఇష్టం మీరు వినండి. అప్పు ఏనాటికైనా తీరుతుంది. ఇష్టం లేని చదువు మాత్రం జీవితాంతం వాయిదాలు కట్టిస్తుంది.