రికార్డులు కాల్చిన కోపం

బీటిల్స్ ఇప్పుడు యేసుకంటే ప్రసిద్ధులని జాన్ లెనన్ అన్న మాట 1966లో అమెరికాలో అచ్చయింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఒక రేడియో స్టేషన్ వారి పాటలు ఆపేసింది. దక్షిణాదిన పలుచోట్ల రికార్డులు మంటల్లో వేశారు. ప్రభువు నామం చులకనైతే విశ్వాసికి బాధ కలగాలి, సరే.

అదే ఊళ్లో 1963 సెప్టెంబరు 15న, ఆదివారం, పదహారవ వీధి బాప్టిస్టు మందిరంలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయారు. అంతకు ఐదు నెలల ముందు ఎనిమిదిమంది తెల్లజాతి మతనాయకులు నిరసనలకు ఇది సమయం కాదని ప్రకటన ఇచ్చారు. ఒకరు యూదు రబ్బీ. మిగతా ఏడుగురు క్రైస్తవ సేవకులే, నెమ్మదస్తులే. మన ప్రసంగాల్లో సినిమా పాటలకు పడే చీవాట్లు, పెళ్లి సంబంధంలో కులం అడిగే సంఘపెద్దకు పడుతున్నాయా?

ఆ ఎనిమిదిమందికి మార్టిన్ లూథర్ కింగ్ జైలు నుంచే జవాబు రాశారు. తెల్లజాతి సంఘాలు తనను ఎంత నిరాశపరిచాయో అందులో దాచలేదు.