మడి మూలలు ఎవరివి?

బెత్లెహేములో బోయజు పొలం ఎంత విస్తీర్ణమో బైబిలు చెప్పదు. ఆ ఏడాది అతనికి యవలు ఎన్ని బస్తాలు పండాయో కూడా చెప్పదు. కానీ కోత కోసేవాళ్ల వెనుక నడిచి, రాలిన వెన్నులు ఏరుకున్న ఒక పరాయి దేశపు విధవరాలు సాయంత్రం ఇంటికి ఎంత తీసుకెళ్లిందో మాత్రం కొలత వేసి మరీ చెబుతుంది (రూతు 2:17). దాదాపు తూమెడు. భూస్వామి రాబడిని వదిలేసి, పరిగె ఏరుకున్న స్త్రీ ఒడిలోని గింజలను కొలిచిన గ్రంథమది. దేవుని లెక్కలు ఎక్కడ మొదలవుతాయో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

పరిగె అన్న మాట తెలుగు బైబిల్లో ఉంది గనుక మన నోట ఇంకా బతికి ఉందేమో గాని, నిజామాబాద్ పొలాల్లో మాత్రం దాదాపు కనుమరుగైంది. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూర్ ప్రాంతాల్లో అరవై దాటిన ఏ తల్లిని అడిగినా పాత సంగతులు చెబుతుంది. వరి కోసి, కట్టలు కట్టి కల్లానికి మోసిన తర్వాత మడిలో రాలిన వెన్నులను కూలి ఆడవాళ్లు, పిల్లలు ఏరుకునేవారు. రైతు అడ్డు చెప్పేవాడు కాదు. చెబితే ఊరు ఊరుకునేది కాదు. కల్లం ఊడ్చాక మట్టిలో కలిసిన గింజలు కూడా వాళ్లవే. చాటతో చెరిగి మంచివి కుండలోకి, తాలు, నూకలు కోళ్లకు. పేదింటి పెరట్లో కోడి బతికింది ఈ పరిగె మీదే.

మోషే ధర్మశాస్త్రంలో ఇది దయాధర్మం కాదు, చట్టం. పొలాన్ని అంచుల దాకా పూర్తిగా కోయరాదు, రాలిన పరిగెను యజమాని ఏరుకోరాదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లను మళ్లీ కూర్చుకోరాదు, అవన్నీ పేదలకు, పరదేశులకు (లేవీ. 19:9,10). పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి కూడా వెళ్లరాదు (ద్వితీ. 24:19). ఇక్కడ ఒక సంగతి గమనించాలి. యజమాని తనది తాను దానం చేయాలని దేవుడు చెప్పలేదు. ఆ అంచు అసలు అతనిది కాదన్నట్టుగా చెప్పాడు. దానం చేసినవాడికి పేరొస్తుంది, ఫొటో వస్తుంది. అంచు వదిలినవాడికి ఏమీ రాదు. అందుకే ఏరుకున్నవాళ్లు ఎవరి ముందూ తల వంచాల్సిన అవసరం ఉండేది కాదు. ఈ ఏర్పాటులోని మర్యాద మన సహాయ కార్యక్రమాల్లో ఎంత ఉందో ఆలోచించుకోవాలి.

కోడి సంగతికి వద్దాం. సేద్యం లెక్కల్లో కోడికి చోటుండదు. పట్టాదారు పాసుపుస్తకం అడగని ఆస్తి అది. నాటుకోడి పెట్ట ఏడాదికి రెండు మూడు విడతలుగా, విడతకు పది పదిహేను గుడ్లు పెడుతుంది. పొదగేస్తే ఇరవై ఒక్క రోజులు తిండీ నీళ్లూ మానుకున్నంత పనిచేసి కూర్చుంటుంది. లేచిన పిల్లల్లో గద్దకు కొన్ని, పిల్లికి కొన్ని, కొక్కెర రోగానికి కొన్ని పోగా మిగిలేవి కొన్నే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. అవి నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. సంతోషమే. కానీ పొదిగే గుణం మాత్రం నాటుకోడిదే. ఇంటాయనకు వడ్ల డబ్బు వస్తే అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు. కోడి డబ్బు, గుడ్ల డబ్బు ఇంటావిడ కొంగు ముడిలో ఉంటుంది. పిల్లల నోటు పుస్తకాలు, బస్సు చార్జీలు, ఆదివారం కానుక అక్కడి నుంచే వస్తాయి.

యెరూషలేమును చూసి ప్రభువు దుఃఖపడినప్పుడు తనను సింహంతో పోల్చుకోలేదు, గద్దతో పోల్చుకోలేదు. పిల్లలను రెక్కల కిందికి చేర్చుకునే కోడితో పోల్చుకున్నాడు (మత్తయి 23:37). నజరేతు ఇంట్లో పెరిగినవాడు ఏ పెరట్లోనో అది చూసే ఉంటాడని మేమనుకుంటాం. గద్ద నీడ పడగానే పెట్ట చేసే ఆ చప్పుడు, పిల్లలు పరుగెత్తి రావడం చూసినవాళ్లకు ఆ వాక్యం మీద వేరే ప్రసంగం అక్కర్లేదు.

ఇక బోధన్ సంగతి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు ఈ నేల ముఖం మార్చాయి. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన కర్మాగారమది. చెరకంటే రైతుకు బిల్లు, కార్మికునికి జీతం అని మాత్రమే మనం చెప్పుకుంటాం. భూమి లేనివాళ్లకు అది పని. ముచ్చెలు నాటడం, కలుపు తీయడం, మట్టి ఎగదోయడం, జడ చుట్టడం, నరకడం, బండికెత్తడం... ఏడాది పొడవునా ఏదో ఒక పని తోటలో ఉండేది. 2002లో కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది. 2015 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు, లే ఆఫ్ ప్రకటించారు. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కోత కోసినవారి కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందనీ, ఆ కేకలు దేవుని చెవిన పడతాయనీ యాకోబు రాశాడు (యాకోబు 5:4). ఆ ఏడాది క్రిస్మస్ ఆరాధనల్లో ఎన్ని సంఘాలు ఈ వాక్యాన్ని చదివాయో!

కర్మాగారం మూతపడ్డాక చెరకును కామారెడ్డి వైపున్న ప్రైవేటు కర్మాగారాలకు తోలాల్సి వచ్చింది. నరికిన చెరకు ఎండకు నిలిస్తే చక్కెర శాతం పడిపోతుంది, బరువు తగ్గుతుంది. రైతు విసిగిపోయాడు. చెరకు తోటలున్న చోట చాలావరకు వరి మడులొచ్చాయి. వరితో పాటు హార్వెస్టర్ వచ్చింది. దీనికి రైతును తప్పుపట్టడం అన్యాయం. కూలీలు దొరకరు, మబ్బు పడితే గుండె దడ, గంటలో పని అయిపోతుంటే ఎవరు కాదంటారు? నాట్లకేమో బీహారు, బెంగాల్ నుంచి వలస కూలీలు వస్తున్నారు. ధర్మశాస్త్రం చెప్పిన పరదేశి మన గట్టు మీదే నిలబడి ఉన్నాడన్నమాట. హార్వెస్టర్ వెళ్లాక మడిలో ఏరుకోవడానికి వెన్ను ఉండదు. కొన్నిచోట్ల గడ్డి కూడా తగులబెడతారు. కల్లమే లేదు గనుక కల్లం ఊడ్పు లేదు. చెరకుతో పని పోయింది, వరిలో పరిగె పోయింది. ఈ రెండూ ఒకే మనిషికి పోయాయి.

అయితే హార్వెస్టర్‌కు ఒక బలహీనత ఉంది. అది మడి మూలల్లో తిరగలేదు. అందుకే యంత్రం వచ్చే ముందే ఎవరో ఒకరు కొడవలితో మూలలు కోసి పెడతారు. దేవుడు వదిలిపెట్టమన్న ఆ మూలలనే యంత్రం తనంతట తాను వదిలేస్తుంది, మనం మాత్రం మనిషిని పెట్టి మరీ కోయిస్తున్నాం!

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం మడిలో ఒక్కో మూల పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు వదిలితే నాలుగు మూలలకు 400 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. పాతిక క్వింటాళ్లు పండే మడిలో అది సుమారు 23 కిలోల వడ్లు. తిరిగి మేసే కోడికి రోజుకు నలభై గ్రాముల గింజ అదనంగా వేస్తే చాలు. ఆ లెక్కన ఐదు కోళ్లున్న ఇంటికి ఆ మూలలు దాదాపు నాలుగు నెలలు సరిపోతాయి. ఇది కౌలురైతుకు చెప్పే ధైర్యం మాకు లేదు. అతనే అప్పుల్లో ఉన్నాడు. ధర్మశాస్త్రం మాట్లాడింది భూమి గలవాడితో. కౌలు తీసుకునేవారు ఆ మూలల మేరకు కౌలు తగ్గించుకుంటే అదీ అంచు వదిలినట్టే.

కోతకాల పండుగ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన సంఘాల్లో అది అందమైన ఆచారం. కొత్త బియ్యం, చెరకు గడలు, గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠం ముందుకు వస్తాయి. ఆరాధన తర్వాత వేలం. కోడి వేలం ఎప్పుడూ ఉత్సాహంగా సాగుతుంది. ఇద్దరు పెద్దమనుషులు పట్టుదలకు పోతే నాటుకోడి ధర మార్కెట్ ధరకు నాలుగింతలైనా అవుతుంది. పాడుకున్నవారి పేరు మైకులో వినిపిస్తుంది, చప్పట్లు మోగుతాయి. ఆ కోడిని తెచ్చినామె వెనుక వరుసలో చాప మీద కూర్చుని ఉంటుంది. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు శిష్యులకు చూపించాడు (మార్కు 12:41-44). ఎక్కువ పాడినవారిని చూపించడం మనకు అలవాటైంది. గొర్రెపిల్లకు శక్తిలేనివారు రెండు గువ్వలు తేవచ్చని ధర్మశాస్త్రం చెప్పింది. మరియ, యోసేపులు మందిరానికి వెళ్లింది పక్షుల జతతోనే (లూకా 2:24). మన పల్లెల్లో ఆ గువ్వల స్థానం కోడిది. వేలం మానేయమని మేమనడం లేదు. మందిరం కప్పుకు, పాస్టరుగారి జీతానికి ఆ డబ్బు కావాలి. కానీ వచ్చిన కోళ్లలో రెండు మూడు పెట్టలనైనా పాటలో పెట్టకుండా, గుడ్లతో సహా, కోళ్లు లేని ఇంటికి పంపితే వేలం పాడయిపోదు.

అంచు వదలడం క్రైస్తవులకే తెలిసిన విద్య అనుకుంటే పొరపాటు. డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పడానికి అండగా నిలిచినవారిలో నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ ముఖ్యుడు. ఆయన హిందువు. ఊరు వెలివేసిన రోగుల కోసం తన సంపదలో ఒక మూల వదిలాడు.

మన సంఘాల్లో భూమి గలవారు ఉన్నారు, వాళ్ల మడుల్లో పనిచేసేవారూ అదే సంఘంలో ఉన్నారు. ఒకే బల్లలో పాలుపంచుకుంటారు గాని పొలంలో ఒకరి లెక్క ఒకరికి తెలియదు. వచ్చే కోతలకు హార్వెస్టర్ డ్రైవర్‌తో మాట్లాడాల్సిన పనేమీ లేదు, అతను మూలల జోలికి ఎలాగూ రాడు. కొడవలి పట్టుకుని మూలలు కోయడానికి వచ్చే ఆమెకు మాత్రం ముందురోజే చెప్పాలి, కూలి కూలికే, కోసిన వడ్లు కూడా నీ ఇంటికే తీసుకెళ్లమ్మా అని.