డ్రోన్లు ఎన్ని అని కాదు, కథ ఎవరిది అని అడుగుదాం

డ్రోన్ షో వీడియో ఏది కనిపించినా మన మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని డ్రోన్లు బ్రో?" నేనూ అదే బ్యాచ్. ఫోన్‌లో మెగాపిక్సెల్స్ లెక్కపెట్టినట్టే డ్రోన్లనూ లెక్కపెట్టేవాణ్ణి. ఆస్ట్రేలియాలోని 'వింజిరి విరు' గురించి చదివాక ఆ అలవాటు మీదే డౌట్ వచ్చింది.

ఇది 2023 మే నెలలో ఉలురు దగ్గర మొదలైన లైట్ అండ్ సౌండ్ షో. ఉలురు అంటే ఎడారి మధ్యలో 348 మీటర్ల ఎత్తున నిలబడ్డ ఎర్రటి కొండరాయి. చీకటి పడ్డాక వెయ్యికి పైగా డ్రోన్లు గాల్లోకి లేస్తాయి. వాటికి తోడు లేజర్లు, ప్రొజెక్షన్లు, అక్కడి భాషలో కథ చెప్పే గొంతులు. స్పెక్స్ పరంగా చూస్తే అదిరిపోయే సెటప్, అందులో డౌట్ లేదు.

కానీ ఆ కథ ఆ ప్రాంతపు ఆదివాసులైన అనంగులది. మాలా అంటే అక్కడి చిన్న కంగారూ లాంటి జంతువు. ఆ పేరున్న పూర్వీకులు ఉలురు దగ్గర వేడుక మొదలుపెట్టారు. మధ్యలో వేరేవాళ్లు తమ వేడుకకు రమ్మన్నారు. మొదలుపెట్టింది ఆపి రాలేమని వీళ్లన్నారు. దాంతో అవతలివాళ్లు కోపంతో కుర్పనీ అనే భయంకరమైన జీవిని సృష్టించి పంపారు.

అసలు పాయింట్ ఏంటంటే, షోలో ఉన్నది ఈ కథ మొత్తం కాదు. బయటివాళ్లకు చెప్పొచ్చని అనంగు పెద్దలు ఒప్పుకున్న భాగం మాత్రమే. వాళ్ల సంప్రదాయంలో కొన్ని విషయాలు మగవాళ్లకే, కొన్ని ఆడవాళ్లకే, కొన్ని అందరికీ. మన భాషలో చెప్పాలంటే యాక్సెస్ కంట్రోల్. ఉలురు చుట్టూ కొన్ని చోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులు కూడా ఉంటాయి. అక్కడి రాతి గుర్తులు వాళ్లకు పవిత్ర గ్రంథంతో సమానం. వాటిని ఆ చోటే చూడాలి, చూడాల్సినవాళ్లే చూడాలి. జేబులో ఎంత మంచి కెమెరా ఉన్నా సరే.

"ఇదీ టూరిజం బిజినెస్సే కదా" అనొచ్చు. నిజమే, టికెట్ చవకేం కాదు. కానీ బిజినెస్ చేస్తూ కూడా ముందు అడగొచ్చని ఇది చూపించింది.

ఇది నాకెందుకు గుచ్చుకుందో చెప్తా. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా టీమ్ చేర్యాల బొమ్మలతో ఒక ఏఆర్ యాప్ చేసింది. బొమ్మ మీద ఫోన్ పెడితే అది కదిలి మాట్లాడుతుంది. ఇమేజెస్ అన్నీ గూగుల్‌లో డౌన్‌లోడ్ చేసినవే. ఆ బొమ్మలు వేసే నకాషీ కుటుంబాల్లో ఒక్కరితోనూ మాట్లాడలేదు. హైదరాబాద్ నుంచి చేర్యాల బస్సులో రెండు మూడు గంటలు, అంతే. యాప్‌లో కెమెరా పర్మిషన్ అడిగే పాపప్ మాత్రం బుద్ధిగా పెట్టాం. ఆ కథలకు పర్మిషన్ కావాలన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు. వైవాలో కూడా ఎవరూ అడగలేదు.

మీరు హ్యాకథాన్‌కో, ఏఐ డేటాసెట్‌కో జానపద పాటలు, బొమ్మలు వాడబోతుంటే కోడ్ మొదలుపెట్టకముందే వెళ్లి అడగండి. "వద్దు" అంటే అదీ ఒక రిక్వైర్‌మెంటే అనుకోండి.

మా ప్రాజెక్ట్‌ని గిట్‌హబ్‌లో మొన్ననే ప్రైవేట్ చేశాను. వచ్చే నెల చేర్యాల వెళ్తున్నా. వాళ్లు సరే అంటేనే మళ్లీ పబ్లిక్ చేస్తా.