చింపాంజీ మన తాత కాదు

"మనిషి కోతి నుంచి పుట్టాడంటారు కదా, మరి ఈ కోతులన్నీ ఇంకా మనుషులు కాలేదేం?" మేము ఏ రాష్ట్రంలో పాఠం చెప్పినా, ఏదో ఒక తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. తరగతంతా నవ్వుతుంది. తెలుగు చెప్పేవాళ్లం, మాకెందుకులే అని తప్పుకోవచ్చు. కానీ 2023లో పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం భాగం తీసేశారు. ఆ తర్వాత కామర్సో, హ్యుమానిటీసో తీసుకున్న పిల్లలు ఆ ప్రశ్నను అలాగే మోసుకుని బడి దాటిపోతారు. అందుకే మా అభిప్రాయం ఇది: మనుషుల, వానరాల క్రోమోజోములను పక్కపక్కన పెట్టిన బొమ్మను ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా చూడాలి. సైన్సు పీరియడ్ చాలకపోతే భాష పీరియడ్‌లో చూపిద్దాం. ఎందుకంటే ఆ బొమ్మను చదవాలి, ఊరికే చూస్తే చాలదు.

కణం రెండుగా విడిపోయే వేళ క్రోమోజోములు పొట్టిగా, లావుగా చుట్టుకుంటాయి. అప్పుడు వాటిని గాజుపలక మీద పరిచి, ట్రిప్సిన్ అనే ఎంజైము తగిలించి, జీమ్సా రంగు వేస్తే ముదురు చారలు, లేత చారలు తేలతాయి. మలేరియా పరీక్షలో రక్తపు చుక్కకు వేసే రంగే ఇది. ఆ చారల వరుస ఏ క్రోమోజోముకు ఆ క్రోమోజోముకే ప్రత్యేకం. 1970ల మొదట్లో ఈ పద్ధతి రాకముందు పొడవును, సెంట్రోమియర్ అనే నడుము ఉన్న చోటును బట్టి పోల్చుకునేవారు.

మనకు 46 క్రోమోజోములు. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 48. విచిత్రం ఏమిటంటే, మనకూ 48 అనే ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాలు చెప్పాయి. జావాలో పుట్టిన జో హిన్ జియో, స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ కలిసి 1956లో 46 అని తేల్చారు. (ఆ జియో గారు జావా, స్పెయిన్, స్వీడన్, అమెరికా తిరిగినవాడు. బదిలీలంటే మీకు కొత్త కాదు కదా!) లెక్క సరిపోగానే అసలు ప్రశ్న పుట్టింది: ఆ రెండూ ఏమయ్యాయి?

జవాబు చారల్లో ఉంది. 1982లో యూనిస్, ఓం ప్రకాశ్ అనే ఇద్దరు సన్నని చారలు కూడా కనిపించేలా మనిషివీ, పై మూడు వానరాలవీ పక్కపక్కన పెట్టి చూపించారు. వానరాల్లో విడివిడిగా ఉన్న రెండు చిన్న క్రోమోజోముల కొసలు కలిపితే, చారకు చార మన రెండో నంబరు క్రోమోజోము అవుతుంది. మనవి పోలేదు, అతుక్కున్నాయి. 1991లో ఆ అతుకే దొరికింది. క్రోమోజోము కొసల్లో మాత్రమే ఉండాల్సిన టెలోమియర్ అక్షరాలు అక్కడ నడిమధ్యన, ఎదురెదురుగా ఉన్నాయి. పనిచేయని రెండో నడుము ఆనవాలు కూడా ఉంది.

ఇక మిగిలిన క్రోమోజోముల్లో చాలావరకు అవే చారలు. కొన్ని చోట్ల ఒక ముక్క తిరగబడి ఉంటుంది. మాకు ఇది బాగా తెలిసిన పనిలా అనిపిస్తుంది. సి.పి. బ్రౌన్ పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్పించాడు. నాలుగు ప్రతుల్లో మూడింట ఒకే వరుస ఉండి, నాలుగోదాంట్లో వేరుగా ఉంటే, మార్పు ఆ నాలుగోదాంట్లో జరిగిందని ముందుగా అనుమానిస్తాం. పద్ధెనిమిదో క్రోమోజోములో చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ ఒకలా ఉన్నాయి, మనది తిరగబడి ఉంది. అంటే అక్కడ మారింది మనమే. మనిషి శిఖరం మీద నిలబడ్డాడు, మిగతావి మెట్ల మీద ఆగిపోయాయి అనుకునేవారికి ఈ ఒక్క క్రోమోజోము చూపిస్తే చాలు.

అయితే చారలతోనే చుట్టరికమంతా కొలవలేం. మన దేశంలో ఉన్న తోకలేని వానరం హూలాక్ గిబ్బనే. అస్సాంలో ఉన్న పిల్లలు జోర్హాట్ దగ్గరి హోలొంగపార్ అడవిలో చూసే ఉంటారు. దానికి 38 క్రోమోజోములు. చారలు ఎంతగా కలగాపులగమయ్యాయంటే మనవాటితో జత కలపడం కష్టం. ఉత్తరాది రీసస్ కోతికీ, దక్షిణాది గుళ్ల దగ్గర కొబ్బరిచిప్ప లాక్కుపోయే బొనెట్ కోతికీ 42. వాటి చారలు మనతో అంతకంటే తేలిగ్గా కలుస్తాయి. అయినా మనకు దగ్గరి చుట్టం గిబ్బనే. పైకి కనిపించే పోలిక ఒకటి, వంశం ఒకటి.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు: చింపాంజీ మన తాత కాదు, పెదనాన్న బిడ్డ. పెదనాన్న బిడ్డ మనలా ఎందుకు మారలేదని ఎవరూ అడగరు కదా.

ఇంకో మాట. కొత్త బడిలో చేరిన పిల్లల్ని ముఖం చూసి, రంగు చూసి పేర్లు పెట్టి పిలవడం మేము చాలా చోట్ల విన్నాం. క్రోమోజోముల బొమ్మ చేతికిస్తే నిపుణులు ఆడో మగో చెబుతారు, కొన్ని జబ్బులూ చెబుతారు. ఏ రాష్ట్రమో, ఏ కులమో, ఏ భాషో చెప్పమంటే ఆ చారల్లో వారికి ఏమీ దొరకదు.

ఈ సెలవుల్లో చేసి చూడండి. మనిషివీ చింపాంజీవీ క్రోమోజోముల బొమ్మలు మీ జీవశాస్త్రం టీచరును అడిగి జిరాక్సు తీయించుకోండి, కత్తిరించండి. రెండో నంబరుతో మొదలుపెట్టండి. చింపాంజీ ముక్కలు రెండింటి పొట్టి చేతుల కొసలూ ఎదురెదురుగా వచ్చేలా పెట్టాలి, లేకపోతే కలవవు.