డయాలసిస్‌కు సర్కారు రేటు మనకూ వర్తించాలి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట, చుట్టుపక్కల ఊళ్ల ప్రజలకు, పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి

కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవాళ్లు సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఆదుకుంటుంది. జీతంలో ఈఎస్‌ఐ కోత పడేవాళ్లకు ఈఎస్‌ఐ దవాఖాన ఉంది. ఈ రెండూ లేనివాళ్ల కోసమే ఈ కరపత్రం.

నెలకు 22 వేలు తెచ్చుకునే మనిషిని తీసుకోండి. 2017లో ఈఎస్‌ఐకి పెట్టిన జీతం హద్దు 21 వేలు. వెయ్యి రూపాయలు ఎక్కువైనందుకు అక్కడ పేరు పోయింది. రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. ఇతనిది 2 లక్షల 64 వేలు, అక్కడా చుక్కెదురే. ఖర్చు సంగతి 2016 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ప్రభుత్వమే చెప్పింది: ఒక్క డయాలసిస్‌కు దాదాపు 2 వేలు, ఏడాదికి 3 లక్షల పైమాటే. వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 సార్లు లెక్కేస్తే 3 లక్షల 12 వేలు. అదీ పాత రేటు. జీతమంతా దవాఖానలో పోసినా ఇంకా 48 వేలు అప్పు చేయాలె. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు ఎవరు కట్టాలె? కాంట్రాక్టరు ఈఎస్‌ఐ కట్టని కూలీల పాట్లు ఇంతకన్నా ఘోరం.

ప్రైవేటులో రేటు అడిగితే మిషన్ చార్జీ ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. బిల్లు చేతికొచ్చాక రక్తం వడగట్టే డయలైజర్‌కు ఇంత, ట్యూబులకు ఇంత, రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్‌కు ఇంత అని వరుసలు కనిపిస్తాయి. రక్తం పెరగడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ సూది, ఐరన్ సూది, నెలనెలా రక్త పరీక్షలు వేరే. డయలైజర్ ప్రతిసారీ కొత్తదా, కడిగి మళ్లీ మీకే వాడుతున్నారా అన్నది తప్పక అడగండి. చవక కేంద్రం గుట్టు చాలాసార్లు అందులోనే ఉంటుంది. ఒక్కసారికి 300 తేడా వచ్చినా ఏడాదికి 46,800. అందుకే రెండు దవాఖానలను పోల్చేటప్పుడు నెల మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఆటో చార్జీ, పోయిన కూలీ కూడా కలపండి.

ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి దించుకునే పద్ధతి ఒకటుంది, పెరిటోనియల్ డయాలసిస్. రోజుకు మూడు నాలుగు ద్రవం సంచులు మార్చుకోవాలి. సంచుల ఖర్చు తక్కువేమీ కాదు, శుభ్రత తప్పితే కడుపులో ఇన్ఫెక్షన్ వస్తుంది. కానీ వారానికి మూడు రోజులు పని పోదు. మీకు సరిపోతుందో లేదో డాక్టరును అడగండి. కిడ్నీ మార్పిడికి అర్హులైతే రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు ఎక్కించుకోవడం ఆలస్యం చేయొద్దు.

మన ప్రాంతంలో నక్కవాగు నీటి కాలుష్యంపై కోర్టుల్లో ఏళ్లపాటు నడిచిన కేసు మనకు తెలియనిది కాదు. కిడ్నీ జబ్బుకు ఆ నీళ్లే కారణమా అన్నది డాక్టర్లు తేల్చాలి, ఇక్కడ ఆ వాదన పెట్టుకోవడం లేదు. మేం అడిగేది చాలా చిన్నది.

ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మార్గదర్శకాల్లో పేదలకు ఉచితమని, మిగతావాళ్లకు ప్రభుత్వం చెల్లించే రేటుకే చేయాలని ఉంది. ఆ రేటు ఎంతో సంగారెడ్డి ప్రభుత్వ దవాఖాన గోడ మీద తెలుగులో రాయాలి. పైసలు కట్టేవాళ్లకు కొన్ని మిషన్ సమయాలు కేటాయించాలి, రాత్రి షిఫ్టయినా సరే. ఉచితంగా చేయించుకునేవాళ్ల వంతు మాత్రం తగ్గించొద్దు. ప్రైవేటు కేంద్రాలూ క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల ప్రకారం రేట్లు స్థానిక భాషలో ప్రదర్శించాలి. డయలైజర్, మందులు కలిపిన మొత్తం అందులో కనిపించాలి.

సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణిలో ఈ డిమాండ్లతో అర్జీ ఇద్దాం. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు పాత బిల్లులు జిరాక్స్ తీసి తెండి. పేరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే కొట్టేసి ఇవ్వండి. మాకు కావాల్సింది అంకెలే.